పాత్ర చేతికి పని: కథ నుంచి నాటికకు వచ్చేవారికి

మాధవరం నేతగాళ్ల మీద మీరు రాసిన కథను 46 పేజీల నాటికగా మార్చి కడపలోని ఒక నాటక సమాజానికి ఇస్తే, వారు "చదవడానికి బాగుంది, ఆడటానికి కుదరదు" అని తిరిగి ఇచ్చేశారని రాశారు. ఆ మాటకు అర్థం ఏమిటో, మన సీమ యాసను ఎంతవరకు వాడవచ్చో, ప్రదర్శన విషయంలో రచయితకు ఎంత హక్కు ఉంటుందో చెప్పమని అడిగారు. నేను అనంతపురంలో 26 ఏళ్లుగా నాటికలు రాస్తున్నాను. ఇప్పటికి 19 రాశాను, వాటిలో 14 వేదిక ఎక్కాయి. ఎక్కని అయిదింటికీ మీరు విన్న మాటే సమాధానంగా వచ్చింది కనుక దాని బరువు నాకు తెలుసు. మూడు ప్రశ్నల్లో మొదటిదే అసలైనది. దానికే ఎక్కువ చోటు ఇస్తాను.

ముందుగా లెక్క చూద్దాం. మన పరిషత్తుల్లో, అంటే నాటక పోటీలు జరిపే సంస్థల్లో, నాటిక అంటే సుమారు గంటలో ముగియవలసిన ప్రదర్శన. చేతిరాతలో ఒక పేజీ సంభాషణ వేదిక మీద నిమిషంన్నర తీసుకుంటుందని నాకు అనుభవంలో తేలింది. ఆ ప్రకారం మీ 46 పేజీలు 69 నిమిషాలు. ఏడు రంగాలు ఉన్నాయన్నారు కనుక, రంగానికీ రంగానికీ మధ్య దీపాలు ఆర్పి సామాను మార్చే సమయం కూడా కలిపితే గంటా పావు దాటిపోతుంది. పోటీలో సమయం మించితే మార్కులు పోతాయి. అయితే నన్ను ఎక్కువగా బాధపెట్టేది మార్కులు కాదు, ఆ ఆరు చీకట్లు. దీపం ఆరిన ప్రతిసారీ ప్రేక్షకుడు తన ఫోను చూసుకుంటాడు, పక్కవాడితో ఒక మాట మాట్లాడతాడు, మళ్లీ దీపం వెలిగాక అతన్ని మొదటి నుంచి మన ఇంట్లోకి పిలుచుకోవాలి. ఒకే ఇల్లు, ఒకే సాయంత్రం, వీలైతే ఒకే రంగం అని నియమం పెట్టుకొని రాసి చూడండి. తప్పనిసరి అయితే రెండు రంగాలు. పన్నెండు పాత్రలు కూడా ఎక్కువే. కడప నుంచి కృష్ణా, గుంటూరు జిల్లాల్లోని పరిషత్తుకు ఒక నాటికను తీసుకువెళ్లాలంటే నటులు, దర్శకుడు, మేకప్ వేసేవారు, సంగీతం, లైటింగు చూసేవారు, సెట్టు సామాను, అందరికీ భోజనం, బస ఖర్చులు చూసుకోవాలి. పాత్రలు ఆరు దాటిన రాతప్రతిని సమాజంవారు ముందు ఖర్చు కోణంలోనే చదువుతారు. అందులో వారి తప్పేమీ లేదు.

ఇవన్నీ సవరించుకోగలిగిన విషయాలు. అసలు కష్టం వేరేచోట ఉంది. కథ రాసేవారికి చేతిలో ఒక గొంతు ఉంటుంది. "ఆ ఏడు కూడా చేతికి పని రాలేదు" అని ఒక్క వాక్యం రాస్తే పాఠకుడు నమ్ముతాడు. వేదిక మీద ఆ గొంతు ఉండదు. దాన్ని పాత్రల నోటిలో పెట్టగానే భార్యకు తెలిసిన సంగతినే భర్త భార్యకు చెప్పడం మొదలవుతుంది. నా మొదటి నాటికలో ఒక రైతు తన భార్యతో "మనకు ఉన్నది నాలుగెకరాల మెట్టే కదా, అందులోనూ రెండెకరాలు తాకట్టులోనే ఉంది కదా" అంటాడు. ఇరవై ఏళ్లు కాపురం చేసిన ఇల్లాలికి ఆ సంగతి చెప్పవలసిన అవసరం ఏ భర్తకూ రాదు. అంతకుముందు నేను ఆకాశవాణి కడప కేంద్రానికి శ్రవ్య నాటికలు రాసేవాణ్ని. రేడియోలో వినేవారికి ఏదీ కనిపించదు కనుక తలుపు తీయడం కూడా మాటలోనే చెప్పాలి. ఆ అలవాటు వేదికకు వచ్చాక నాకు చాలా నష్టం చేసింది. దాన్ని వదిలించుకోవడానికి మూడు నాటికలు పట్టాయి.

ఆ మూడో నాటిక గురించి వివరంగా చెబుతాను. "ఆడటానికి కుదరడం" అంటే ఏమిటో నాకు అర్థమైంది అక్కడే. అది కరువు మీద రాసిన నాటిక. అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అది ఎప్పుడు మొదలవుతుందో, మొదలయ్యాక మళ్లీ ఎన్నాళ్లకు వస్తుందో ఎవరికీ తెలియదు. ఆ వాన మీద ఆశతో శెనక్కాయ విత్తే ఒక కుటుంబం నా వస్తువు. తండ్రి ఈ ఏడు కూడా విత్తుదామంటాడు. పెద్ద కొడుకు వద్దంటాడు, విత్తనం కాయలు అమ్మేసి బెంగళూరుకు పోయి బతుకుదామంటాడు. తల్లి, చిన్న పిల్లవాడు, అప్పు ఇచ్చిన వ్యాపారి మిగిలిన పాత్రలు. తండ్రీకొడుకుల వాదన 11 పేజీలు వచ్చింది. సాగు లెక్కలు, గిట్టుబాటు ధరలు, వలసలు, పంటల బీమా అన్నీ అందులో ఉన్నాయి. నాటికకు ప్రాణం ఆ వాదనేనని అప్పట్లో మనసారా నమ్మాను.

తల్లి పాత్రకు గుంటూరు వైపు నుంచి ఒక కళాకారిణిని పిలిపించారు. ప్రదర్శనకు రెండు రోజుల ముందు ఆమె వచ్చారు. వచ్చిన సాయంత్రమే రాతప్రతి అంతా చదివి, నన్ను పక్కకు పిలిచి ఒకే ఒక్క మాట అడిగారు: "సార్, వీళ్లిద్దరూ మాట్లాడుకుంటున్నంతసేపూ నేను అక్కడే ఉన్నాను కదా, అప్పుడు నా చేతులు ఏం చేస్తుంటాయి?" నా దగ్గర సమాధానం లేదు. "తల్లి మూలన కూర్చొని వింటూ ఉంటుంది" అని మాత్రమే రాసుకున్నాను. పదిహేను నిమిషాలకు పైగా ఒక మనిషిని వేదిక మీద ఊరకనే కూర్చోబెట్టాను. మా దర్శకుడు ఆ ప్రశ్నను అందుకొని, ఆషాఢంలో ఆ వేళకు ఆ ఇంట్లో ఆడవాళ్లు నిజంగా ఏం చేస్తుంటారని నన్ను అడిగారు. నేను పుట్టిన ఊళ్లో ఆ రోజుల్లో ఏ ఇంటి అరుగు మీద చూసినా విత్తనం కాయలు ఒలుస్తూ కనిపించేవారు. చిన్నప్పటి నుంచి చూసిన ఆ దృశ్యం, శెనక్కాయ గురించి గంటసేపు నడిచే నాటిక రాస్తున్నప్పుడు నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

మరునాడు పొద్దున్నే ఒక చిన్న మూట కాయలు తెప్పించారు. ఆమెకు ఒలవడం అలవాటు లేదు. మా నటుల్లో ఒకరి తల్లి రిహార్సలుకు వచ్చి పక్కన కూర్చొని నేర్పించారు. కాయ మూతిని బొటనవేలితో నొక్కితే అది రెండుగా విచ్చుకోవాలి, గింజ మీది ఎర్రటి పొర చిట్లకూడదు. చిట్లిన గింజ సరిగా మొలవదు. అందుకే విత్తనం కాయలు ఒలిచేటప్పుడు చెయ్యి తొందరపడదు. ఆమె ఒలుస్తుంటే చూస్తూ నేను ఇంకొక సంగతి గ్రహించాను. ఒలిచిన విత్తనం కాయలో ఉన్నంత కాలం నిలవదు కనుక, విత్తే రోజులు దగ్గర పడ్డాయని నమ్మిన తరువాతే ఎవరైనా ఒలవడానికి కూర్చుంటారు. అంటే భర్త, కొడుకు విత్తాలా వద్దా అని వాదించుకుంటున్న వేళకు ఆ తల్లి ఒక్క మాటా అనకుండా విత్తాలని తేల్చేసింది. ఒలిచిన ప్రతి గింజతో వెనక్కి తిరిగే దారి మూసుకుపోతూ ఉంది. నేను 11 పేజీల్లో చెప్పలేకపోయినది ఆమె రెండు వేళ్లు చెబుతున్నాయి. ఆ రాత్రి కూర్చొని వాదనను నాలుగు పేజీలకు తగ్గించాను. బీమా పోయింది, గిట్టుబాటు ధరలు పోయాయి. తల్లీకొడుకుల మధ్య రెండు మాటలు కొత్తగా చేరాయి:

"ఇప్పుడు ఒల్చేది ఏంటికి మా? వాన పడనీ."

"వాన పడినాక ఒల్చుకుంటా కూచుంటే పదును ఆరిపోదా?"

కర్నూలులో ఆ నాటికను ఆడిన రోజు ఇంకొక చిక్కు ఎదురైంది. పైనుంచి వేలాడదీసిన మైకులు మాటలను అందుకుంటున్నాయి గానీ కాయ చిట్లే చప్పుడు మూడో వరుస దాటడం లేదు. మధ్యాహ్నం సౌండు చూసుకుంటున్నప్పుడు సంగీతం నడిపే కుర్రవాడు తల్లి ముందున్న చాట తీసేసి స్టీలు గిన్నె పెట్టమన్నాడు. గింజ గిన్నెలో పడితే టంగుమని మోగింది. వ్యాపారి వాకిట్లోకి వచ్చి అప్పు గురించి మాట్లాడే రంగంలో కళాకారిణి ఆ చప్పుడు వేగాన్ని కొంచెం కొంచెంగా పెంచారు. గింజ మీది పొర చిట్లకూడదని తెలిసిన చెయ్యి తొందరపడుతోందంటే ఆమె లోపల ఏం జరుగుతోందో ప్రేక్షకులకు అర్థమైంది. వ్యాపారి వెళ్లిపోయాక చిన్న పిల్లవాడు ఆకలితో గిన్నెలోంచి పిడికెడు గింజలు తీసి నోట్లో వేసుకోబోతాడు. ఆ క్షణంలో ముందు వరుసల్లో కూర్చున్న ఒక పెద్దాయన కుర్చీలోంచి సగం లేచి, "ఇత్తనాలురా అబ్బీ!" అని గట్టిగా అనేశాడు. హాల్లో ఎవరూ నవ్వలేదు. పిల్లవాడి పాత్ర వేసిన అబ్బాయి నిజంగానే ఉలిక్కిపడి పిడికిలి విప్పాడు, గింజలు గిన్నెలో పడ్డాయి. ఆ రోజు వెనుక గోడకు ఆనుకొని నిలబడి చూసిన ఆ అర నిమిషం నేను ఎన్నటికీ మరువలేను.

కనుక మీ రాతప్రతిని మళ్లీ చదివేటప్పుడు ప్రతి పేజీలో ప్రతి పాత్ర పక్కన, ఈ సమయంలో ఈ మనిషి చేతులు ఏం చేస్తున్నాయో పెన్సిలుతో రాసుకోండి. రాయలేకపోతే ఆ పాత్ర అక్కడ ఉండనక్కరలేదేమో చూడండి. ఊరికే కదిలించడం కోసం మంచినీళ్లు తాగించడం, తుండుగుడ్డ దులపడం పనికిరాదు. చేసే పనికి కథతో పీటముడి ఉండాలి.

పై సంఘటనలో కళాకారిణి రెండు రోజుల ముందు వచ్చారని చెప్పాను. మన జిల్లాల్లో ఇది మామూలు పరిస్థితి. స్త్రీ పాత్రలు వేసే స్థానిక కళాకారిణులు తక్కువ. ఎక్కువ మంది కోస్తా నుంచి రాత్రి రైల్లో వచ్చి, రెండు మూడు రిహార్సళ్లతో ఆడి, మరునాడు ఇంకో ఊరికి వెళతారు. 1885లో కీచకవధ ప్రదర్శనతో మొదలైన సురభి నాటక సమాజానికి ఆ పేరు వచ్చింది కడప జిల్లాలోని సురభి గ్రామం నుంచే. మగవాళ్లే ఆడవేషాలు కట్టే కాలంలో ఆ కుటుంబాల స్త్రీలు స్త్రీ పాత్రలు ధరించి తరతరాలుగా వేదికను నిలబెట్టారు. 1880లో తాడిపత్రిలో పుట్టిన ప్రసిద్ధ రంగస్థల నటుడు బళ్లారి రాఘవ గారు స్త్రీ పాత్రలను స్త్రీలే వేయాలని పట్టుబట్టారు. ఇంతటి చరిత్ర ఉన్న నేల మీద నేటి రచయితలు ఖర్చు తప్పించుకోవడానికి స్త్రీ పాత్రలు లేని నాటికలు రాయడం నాకు నచ్చదు. రాయండి, కానీ ఆ కళాకారిణి రెండు రోజుల్లో పట్టుకోగలిగేటట్లు రాయండి. పొడుగాటి ప్రసంగం కంటే స్పష్టమైన పని, చిన్న చిన్న మాటలు ఆమెకు త్వరగా ఒంటబడతాయి. పారితోషికం విషయంలో సమాజంవారు ఆమెను ఇబ్బంది పెట్టకుండా చూడటం కూడా మీ బాధ్యతే అనుకోండి.

ఇక యాస సంగతి. మీ నేతగాళ్లు మాధవరంలో మాట్లాడినట్లే మాట్లాడాలి, అందులో సందేహం అక్కరలేదు. అయితే కథలో రాసినట్లు ప్రతి మాటనూ అక్షరాల్లో వంచి రాయకండి. కోస్తా నటులు "పోతాండా", "వస్తాండాడు" అని కాగితం మీద చూసి పలికితే అది సినిమాల్లో వినిపించే సీమ యాసలా తయారవుతుంది. వాక్యం తూకం మనదై ఉంటే చాలు, పలుకు రిహార్సల్లో సరిపోతుంది. పదాల విషయంలో మాత్రం రాజీ పడవద్దు. "పదును" అన్న మాట తెలియదని ఒకచోట న్యాయనిర్ణేత అన్నారని, దాన్ని "తేమ"గా మార్చమని మా దర్శకుడు నన్ను అడిగారు. నేను మార్చలేదు. తేమ అంటే భూమిలో తడి ఉండటమే. పదును అంటే ఆ తడి విత్తనానికి సరిపడా ఉండి, గొర్రు దిగడానికి అనువైన స్థితి. నాలుగు రోజులు ఎండ కాస్తే అది ఉండదు. నాటికలోని ఆతృత అంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. తెలియని మాటను ప్రేక్షకుడు చుట్టూ ఉన్న పని చూసి తెలుసుకుంటాడు. ఇంకొక మాట కూడా చెప్పాలి. సీమ నాటిక అనగానే కత్తులు, బాంబులు, పగలు కావాలని అడిగేవారు మీకు తప్పక తారసపడతారు. మన ఊళ్లలో మగ్గాలు, బోర్లు, గొర్రెల మందలు, పాఠశాలలు, వలస బస్సులు ఉన్నాయి. మీరు నేతగాళ్ల దగ్గరే ఉండండి.

హక్కుల గురించి అడిగారు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం నాటికను ప్రదర్శించే హక్కు రచయితదే. రచయిత జీవితకాలం, ఆ తరువాత 60 ఏళ్లు అది నిలుస్తుంది. రిజిస్టరు చేయించకపోయినా హక్కు పోదు, కానీ అనుమతి మాత్రం కాగితం మీదే ఇవ్వండి. ఏ సమాజానికి, ఎన్ని ప్రదర్శనలకు, మార్పులు చేయాలంటే ఎవరిని అడగాలి అన్నవి నాలుగు వాక్యాల్లో రాసి ఇద్దరూ సంతకం చేస్తే చాలు. నేను మొదట్లో నోటిమాట మీదే ఇచ్చేవాణ్ని. కొన్నేళ్ల కిందట ఒక సమాజంవారు నా నాటిక ముగింపు మార్చి, ఊరు విడిచి వెళ్లిపోవలసిన కొడుకు చివరి క్షణంలో తిరిగి వచ్చి తండ్రి కాళ్ల మీద పడేటట్లు చేశారు. ఆ సంగతి నాకు ప్రదర్శన చూస్తుండగానే తెలిసింది. చప్పట్లు చాలా కొట్టారు. ఆ రాత్రి నేను ఎవరితోనూ మాట్లాడలేకపోయాను. ఎన్నో ఇళ్లలో తిరిగి రాని కొడుకుల గురించి రాసిన నాటిక అది. ఆ తల్లిదండ్రులు హాల్లో ఉండి ఉంటారు.

అలాగని రిహార్సల్లో ప్రతిదానికీ అడ్డుపడకండి. మొదటి రోజు రాతప్రతిని నటుల ముందు మీరే చదివి వినిపించండి, ఆ తరువాత దర్శకుడికి వదిలేయండి. ఏమైనా చెప్పాలనిపిస్తే దర్శకుడితో విడిగా చెప్పండి. రచయిత, దర్శకుడు ఇద్దరూ చెరొక మాట చెబితే నటుడు ఏదీ చేయలేడు. ప్రదర్శన రోజు మాత్రం ముందు వరుసలో వేసిన కుర్చీలో కూర్చోకండి. వెనుక నిలబడి, వేదికను సగం, జనాన్ని సగం చూడండి. ఎక్కడ దగ్గులు మొదలయ్యాయో, ఎక్కడ కుర్చీలు కిర్రుమన్నాయో, ఎక్కడ పిల్లలు కూడా కదలకుండా ఉన్నారో రాసుకోండి. నేను 14 నాటికలకూ ఇలాగే రాసుకున్నాను. దగ్గు వినిపించిన చోట పుస్తకం తీసి చూస్తే దాదాపు ప్రతిసారీ అక్కడ ఎవరో ఒకరు తనకూ ఎదుటివారికీ తెలిసిన సంగతే చెబుతూ ఉంటారు.

పరిషత్తులో ఆడే నాటికను ఒక్కసారైనా ఊళ్లో ఆడించమని సమాజంవారిని అడగండి. కర్నూలు వైపు పల్లెల్లో ఇప్పటికీ తిరునాళ్లలో పద్యనాటకాలు తెల్లవార్లూ చూసే జనం ఉన్నారు. నాటకాన్ని వాళ్లకంటే బాగా చూడగలిగినవారు తక్కువ. చీకటిగా ఉండే హాలు, చల్లటి గాలి, నిశ్శబ్దం అక్కడ ఉండవు. నిలబడగలిగిన నాటిక ఆ గోలలో కూడా నిలబడుతుంది.

చివరిగా మీ నాటిక. అప్పు తీర్చడానికి కొడుకు మగ్గం అమ్మాలనుకోవడం, తండ్రి ఒప్పుకోకపోవడం మీ వస్తువు. గుంట మగ్గాన్ని వేదిక మీదికి ఎలా తేవాలని అడిగారు. తేవద్దు. గుంట తవ్వడానికి వేదికలో చోటు లేదు, అట్టముక్కలతో చేసిన మగ్గాన్ని నేతగాళ్లు చూస్తే మొదటి నిమిషంలోనే మనల్ని నమ్మడం మానేస్తారు. మగ్గాన్ని లోపలి గదిలో ఉంచి, దాని చప్పుడును మాత్రమే బయటికి రానివ్వండి. తండ్రి ఎక్కువసేపు లోపలే ఉంటాడు. ముందు గదిలో తల్లి రాట్నం ముందు కూర్చొని నాడెలో పెట్టే నూలు కండెలు చుడుతూ ఉంటుంది. కొనుగోలుదారు వచ్చి కొడుకుతో ధర మాట్లాడుతుంటే ఆమె చుడుతూనే ఉండాలి. ఆమె చుట్టిన కండె లోపలికి వెళితేనే మగ్గంలో అటూ ఇటూ తిరిగే నాడె ఆడుతుంది, మగ్గం చప్పుడు సాగుతుంది. ఆమె చెయ్యి ఆగితే కాసేపటికి లోపల మగ్గం కూడా ఆగుతుంది. ఎప్పుడు ఆపాలో, ఎందుకు ఆపుతుందో, అసలు ఆపుతుందో లేదో మీరే నిర్ణయించాలి. మీ మూడో రంగంలో తల్లి "నేను చెప్పేదేముంది" అని లోపలికి వెళ్లిపోతుందని రాశారు. ఆమెను వెళ్లనివ్వకుండా రాట్నం ముందు కూర్చోబెట్టి, ఆ రంగం నుంచే మళ్లీ రాయడం మొదలుపెట్టండి. పది పేజీలు పూర్తయ్యాక పంపితే చదివి నా అభిప్రాయం రాస్తాను.